పొంతన లేని అర్జీ

నమోదు 1

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగంలో భాగం. బ్యాచ్‌కి ఏం నేర్పానో, ఏం గమనించానో శిక్షకురాలు తన మాటల్లో రాయాలని నియమం. రాసింది డైరెక్టర్ చక్రపాణి గారు చదవరు. లెక్క అనే యంత్రం చదివి, మూడు వాక్యాలకి కుదించి ఆయన బల్ల మీద పెడుతుంది. ఆ మూడు వాక్యాల్లో నా విసుగు పట్టదని ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి ఇక్కడ ధైర్యంగా తిట్టుకుంటాను.

పొద్దున్నే కిటికీ రెక్కల మీద పేరుకున్న ఉప్పు గీకాను. మా అంతస్తులో లిఫ్టు ఆగదు కాబట్టి మెట్లెక్కి శిక్షణ సంస్థకి చేరాను. నేనుండేది నడి అంతస్తులో. సంస్థ పొడి అంతస్తులో ఉంది. కింద తడి అంతస్తుల వాళ్ళు పోటు వచ్చిన రోజున చెప్పులు చేత్తో పట్టుకుని తిరుగుతారు. ఎవరు ఏ అంతస్తులో ఉండాలో లెక్క తేలుస్తుంది. దానికో పొడుగాటి అధికారిక పేరుంది, సముద్రం మీద అంతస్తులుగా పేర్చిన మా నిలువూరులో ఎవరూ వాడరు. లెక్క తేల్చింది నచ్చని వాళ్ళు గృహ అర్జీల ట్రిబ్యునల్‌కి వెళ్ళి చెప్పుకోవచ్చు. అక్కడ ముగ్గురు మనుషులు కూర్చుని వింటారు. ఆ ముగ్గురికీ ఎలా వినాలో నేర్పడం నా పని.

నా సబ్జెక్టు పేరే ‘వినడం’. పొద్దున చట్టం, మధ్యాహ్నం తీర్పు రాయడం, రెండిటికీ మధ్య భోజనానికి ముందు గంట నాకిచ్చారు. అందరికీ ఆకలేసే వేళ అది. ఆ టైంటేబుల్ ఎవరు వేశారో గానీ నా సబ్జెక్టు మీద వాళ్ళకెంత గౌరవముందో అందులోనే తెలుస్తుంది.

ఈ ఏడాది నుంచి బొమ్మలొచ్చాయి. అద్దం వెనక నిలబడే నమూనా అర్జీదారులు. చూడ్డానికి అచ్చం మనుషులే. ముసలాయన బొమ్మ, చంకలో పిల్లతో తల్లి బొమ్మ, కుంటుతూ వచ్చే పడవ కార్మికుడి బొమ్మ. శిక్షణార్థులు ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చుంటారు. బొమ్మ నమస్కారం పెట్టి, పేరు చెప్పి, ఫలానా తేదీన ఫలానా జరిగిందని మొదలుపెట్టి, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుని, చివర్లో తనకేం కావాలో స్పష్టంగా అడుగుతుంది. విన్నవాళ్ళు నిర్ణయం చెబితే వెంటనే ఆకుపచ్చో ఎరుపో దీపం వెలుగుతుంది.

కౌండిన్య అనే కుర్రాడికి అన్నీ ఆకుపచ్చే. చురుకైనవాడు, మర్యాదస్తుడు, నియమావళి మొత్తం కంఠతా వచ్చు. రెహానా అనే ఆమెకి సగం ఎరుపు. ఇక్కడికి రాకముందు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. బొమ్మ రాగానే, ‘ముందు కూర్చోండమ్మా, మంచినీళ్ళు కావాలా’ అని అడుగుతుంది. బొమ్మలు కూర్చోవు, మంచినీళ్ళు తాగవు. సమయం వృథా చేసినందుకు ఆమెకి మార్కులు పోయాయి.

నమోదు 2

చక్రపాణి గారి గదికి వెళ్ళాను. బొమ్మలు మరీ సాఫీగా మాట్లాడుతున్నాయని చెప్పాను. మనుషులెవరూ తమ గోడు తేదీతో మొదలుపెట్టరని, అసలు సంగతి మర్చిపోయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తారని, ఏడవాల్సిన చోట నవ్వుతారని చెప్పాను. తరగతిలోకి అప్పుడప్పుడూ నిజం మనుషుల్ని తెద్దామన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను చెప్పిందంతా ఓపికగా విని, టీ తెప్పించి, తలూపి, “నిజం మనుషులకి సరైన సమాధానం ఉండదు కదండీ నాగావళి గారూ. మార్కులెలా వేస్తాం?” అన్నారు.

 టీ తాగి వచ్చేశాను. గోడకి చెప్పుకున్నా ఇంతే జరిగేది, కాకపోతే గోడ టీ ఇవ్వదు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ట్రిబ్యునల్లో సభ్యులు చాలక అర్జీలు పేరుకుపోయాయట. అందుకని శిక్షణ పూర్తి కాకుండానే ఈ బ్యాచ్ చేత చిన్న అర్జీలు విచారింపజేస్తారట. ఒక్క కుటుంబానికి సంబంధించినవన్నీ చిన్న అర్జీల కిందికే వస్తాయట. తీర్పు మాత్రం నిజం తీర్పే. నేను వెనక బల్ల మీద కూర్చుని చూడాలి గానీ నోరు విప్పకూడదు. విచారణ నడుస్తున్న కేసు గురించి తరగతిలో మాట్లాడకూడదు. అర్జీదారుతో అసలే మాట్లాడకూడదు.

నమోదు 3

ఇవాళ మొదటి నిజం విచారణ. కౌండిన్య మధ్య కుర్చీలో, రెహానా ఎడమ వైపు. కుడి వైపు కూర్చున్న మూడో అతను కౌండిన్య ఏమంటే దానికి తల ఊపే రకం.

అర్జీదారు పేరు పెసింగి మంగాయమ్మ. నడి అంతస్తులో ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు నీరజ, తమ్ముడు వీర్రాజు ఉంటారు. ముగ్గురికని ఇచ్చిన ఇంట్లో ఇద్దరే ఉంటున్నారని లెక్క తేల్చి, ఇల్లు రద్దు చేసి, తడి అంతస్తులో ఒక గది ఇచ్చింది. పౌర్ణమి పోటు లోపల ఖాళీ చేయాలి. ఆ పిల్లకి ఉబ్బసం. తడి అంతస్తు గోడల నిండా బూజే. కిందటి ఏడు అక్కడ అద్దెకున్నప్పుడు ఊపిరాడక ఆసుపత్రిలో పడి బతికి బయటపడిందట. మళ్ళీ అక్కడికి తీసుకెళ్తే ఏమవుతుందో ఊహించడానికి డాక్టరే కానక్కర్లేదు. ఇదంతా అర్జీతో జతచేసిన ఆసుపత్రి కాగితంలో ఉంది. కానీ జబ్బు చూసి అంతస్తు ఇవ్వరు, తలలు చూసి ఇస్తారు. కాబట్టి తేలాల్సింది ఒక్కటే. తమ్ముడు ఆ ఇంట్లో ఉంటున్నాడా, లేదా?

మంగాయమ్మ నమస్కారం పెట్టి ఇలా మొదలుపెట్టింది.

“మా పక్కింట్లో వరలక్ష్మని ఉందండి. ఆవిడకీ నాకూ మాటల్లేవండి. మిట్టమధ్యాన్నం రోలు ముందేసుకుని పచ్చడి నూరుద్దండి. దబదబా దబదబా. వదినా, పగలు నూరకే, మా తమ్ముడు లేచిపోతాడే అని ఎంత మర్యాదగా చెప్పేనో తెల్సాండి? నీ తమ్ముడి కోసం మేం పచ్చడి మానుకోవాలా అందండి.”

కౌండిన్య మర్యాదగానే ఆపాడు. “అమ్మా, విషయానికి రండి.”

ఆమె అదే చెప్తన్నానండీ అని, వరలక్ష్మి కోడలి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి నీరజకి దగ్గొచ్చిన రోజుకి వెళ్ళి, మళ్ళీ రోటి దగ్గరికే వచ్చింది. కౌండిన్య రెండోసారి ఆపాడు, మూడోసారీ ఆపాడు. మీ తమ్ముడు ఇంట్లో ఉంటాడా అని సూటిగా అడిగితే, “ఉండకేం, ఉంటాడండి. రాత్రిళ్ళు ఉండడనుకోండి” అని ఆమె అంది. కౌండిన్య ఆ మాట రాసుకోవడం నాకు వెనక నుంచి కనిపించింది. ఆ తర్వాత ఆమె తమ్ముడు మోటార్ల దగ్గర చేసే బదులు పని గురించి చెబుతుంటే ఇక వినలేదు. మూడో అతను అప్పటికే గడియారం చూస్తున్నాడు. రెహానా ఏదో అడగబోయి, కౌండిన్య పేజీ తిప్పడం చూసి ఆగిపోయింది.

తీర్పు వెంటనే చదివారు. అర్జీదారు కథనంలో పొంతన లేదు, తమ్ముడు రాత్రి ఇంట్లో ఉండడని ఆమే ఒప్పుకుంది, అర్జీ కొట్టివేయడమైనది.

నేను వెనక బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. పట్టపగలు పచ్చడి నూరితే ఎవరు లేస్తారు? పగలు పడుకున్నవాడు లేస్తాడు. పగలెందుకు పడుకుంటాడు? రాత్రంతా పని చేసి వస్తాడు కాబట్టి. లెక్క ఎప్పుడు తలలు లెక్కపెడుతుంది? అర్ధరాత్రి. నేల కింద అమర్చిన పలకలు ఆ వేళ ఇంట్లో ఎంతమంది పడుకున్నారో చూసి చెబుతాయి. వీర్రాజు ఆ వేళకి ఊరి అడుగున నీళ్ళు తోడే మోటార్ల దగ్గరుంటాడు. ఎవరు రాకపోతే వాళ్ళ బదులు పనిచేసే మనిషి కాబట్టి అక్కడి రిజిస్టర్లోనూ అతని పేరుండదు. ఇందులో అర్థం కానిది ఏముంది? మొదటి వాక్యంలోనే తన కేసు మొత్తం చెప్పేసింది ఆ మహాతల్లి. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే, ముగ్గురికీ చెవులున్నాయి.

బయటికి వస్తూ కౌండిన్య, “ఎలా చేశాను మేడమ్?” అని అడిగాడు. నోరు విప్పకూడదన్న నియమం ఒక్కోసారి ఎదుటివాళ్ళ ప్రాణాలకే రక్ష.

నమోదు 4

పునర్విచారణ ఒక్కసారి అడగొచ్చు. మంగాయమ్మ అడిగింది. అదే ముగ్గురి ముందుకి, పౌర్ణమికి ముందు రోజు వస్తుంది. అదీ పోతే ఇక లేదు.

చక్రపాణి గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. కేసు గురించి మాట్లాడకూడదు కాబట్టి మొత్తం బ్యాచ్ గురించి మాట్లాడాను. నిజం అర్జీలు దాదాపు అన్నీ కొట్టేస్తున్నారని, బొమ్మల దగ్గర అన్నీ ఆకుపచ్చ తెచ్చుకున్న వాళ్ళే మనుషుల దగ్గర అన్నీ కొట్టేస్తున్నారని చెప్పాను. ఆయన తన దగ్గరున్న అంకెలు తిరగేసి నిజమేనన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బొమ్మల్ని తీసేస్తారేమో అనుకున్నాను.

“అర్జీదారుల నాణ్యత పడిపోయిందండీ” అన్నారు. “వాళ్ళకే శిక్షణ ఇవ్వాలేమో.”

ఎలా చెప్పుకోవాలో వివరిస్తూ ఒక కరపత్రం వేయిస్తారట. ముందు పేరు, తర్వాత తేదీ, తర్వాత సంఘటన, చివర కోరిక. ఆ మాటకొస్తే మెట్ల మలుపు దగ్గర ఆ వ్యాపారం ఎప్పుడో మొదలైంది. ‘అర్జీ చెప్పడం నేర్పబడును’ అని బోర్డు పెట్టుకుని ఒకాయన కూర్చుంటున్నాడు. నేను మనుషుల్ని వినడం నేర్పుతుంటే ఆయన మనుషుల్ని బొమ్మల్లా మాట్లాడ్డం నేర్పుతున్నాడు. గిరాకీ ఎవరికుందో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత తరగతిలో నాకు మనసు మనసులో లేదు. ‘పగలు పడుకునేదెవరు’ అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అన్నానంటే పునర్విచారణే చెల్లదు. పిల్లకి ఉన్న ఒక్క దారీ నా నోటి దురుసుతో మూసుకుపోతుంది. పళ్ళు బిగబట్టి ‘అర్జీదారు వైపు చూసే విధానం’ అనే పాఠం చెప్పాను. ఆ పాఠం రాసినవాణ్ణి ఎవరూ ఎప్పుడూ సూటిగా చూసి ఉండరు.

నమోదు 5

కేసు ప్రస్తావన లేకుండా ఒక అభ్యాసం తయారు చేశాను. ప్రతివాళ్ళూ ముందుకొచ్చి తమకి నిజంగా జరిగిన ఒక అన్యాయం చెప్పాలి. ముందుగా రాసుకోకూడదు. మిగతావాళ్ళు బొమ్మలకి వేసినట్టే దానికి మార్కులు వేయాలి.

కౌండిన్య మొదట వచ్చాడు. వాళ్ళక్క తనతో మాట్లాడ్డం మానేసిన సంగతి చెబుతానన్నాడు. తేదీతోనే మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి, కాదు, అంతకుముందే సైకిల్ సంగతి చెప్పాలి అన్నాడు. సైకిల్ నుంచి వాళ్ళమ్మ ఉంగరం దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు నేనక్కడ లేను అన్నాడు, అంటే ఉన్నాను గానీ మేడ మీదున్నాను అన్నాడు.  ఎక్కడున్నాడో మర్చిపోయి మళ్ళీ సైకిల్ దగ్గర మొదలుపెట్టాడు.

తరగతి మొత్తం ‘పొంతన లేదు’ అని మార్కులు వేసింది. రెహానా ఒక్కతే మార్కులు వేయకుండా, “మేడ మీద ఏం చేస్తున్నారప్పుడు?” అని అడిగింది.

అతను మార్కులు చూసి ఎర్రబడిపోయాడు. “నేను అబద్ధం చెప్పడం లేదు” అన్నాడు నాతో, నేనేదో అన్నట్టు. నువ్వు అబద్ధం చెబుతున్నావని ఎవరూ అనలేదు బాబూ, పొంతన లేదని మాత్రమే అన్నారు అన్నాను. అతను తన కుర్చీలోకి వెళ్ళి తరగతి అయ్యేదాకా తల ఎత్తలేదు. నాకు జాలేసింది. దాంతోపాటు సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు. ఇన్ని వారాల తర్వాత ఒక పాఠం ఒకడికి తగిలింది అనుకున్నాను.

సాయంత్రానికి తాఖీదు వచ్చింది. వ్యక్తిగత విషయాలు చెప్పించి శిక్షణార్థులను అవమానించే అభ్యాసాలు తక్షణం ఆపాలి. కౌండిన్యే ఫిర్యాదు చేశాడట. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇక తరగతిలో నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

నమోదు 6

ఇది రాస్తే దొరికిపోతాను. అయినా రాస్తున్నాను. సారాంశంలో ‘శిక్షకురాలు క్షేత్ర పర్యటన చేశారు’ అని వస్తుంది, ఆయన సంతోషిస్తారు.

మధ్యాహ్నం మంగాయమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. ఆ రోజు వెనక బల్ల మీద కూర్చుని ఉసూరుమన్నది మీరే కదండీ అంది. లోపల ఒకే గది. ఒక మూల వీర్రాజు కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కిటికీకి దుప్పటి కట్టారు. నీరజ రెండో మూల కూర్చుని, పెదవులు మాత్రమే కదుపుతూ చప్పుడు లేకుండా పాఠం చదువుకుంటోంది. ఆ ఇంట్లో గిన్నె కింద పెట్టాలన్నా ముందు గుడ్డ పరుస్తారు. ఆ పిల్ల ఊపిరి తీస్తే ఇక్కడి పొడి గాలిలో కూడా సన్నగా ఈల వినిపిస్తోంది.

కరపత్రం మీద నేనెన్ని తిట్లు తిట్టానో ఈ దినచర్యలోనే ఉంది. ఆ కరపత్రంలో ఉన్నదే ఆమెకి నేర్పాను. పేరు చెప్పు. తమ్ముడు రాత్రి పని చేస్తాడని చెప్పు. లెక్క అర్ధరాత్రి చూస్తుందని చెప్పు. పగలు ముగ్గురం ఉంటామని చెప్పు. ఇల్లు ఉంచమని అడుగు. అంతే, ఇంకేం వద్దు.

ఆమె గుసగుసగా అప్పజెప్పింది. రెండోసారికే తడబాటు తగ్గింది. తర్వాత నా వైపు చూసి, “ఇందులో వరలక్ష్మి లేదేంటండి?” అంది.

వరలక్ష్మి అక్కర్లేదన్నాను.

“ఆవిడ లేపోతే నాకు మాట రాదండి. ఆ కోపం మీదే కదండీ నోరు లేస్తంది. ఇలా చెప్తంటే ఎవరింటి గొడవో చెప్తన్నట్టుందండి నాకు.”

నాకు తెలుసు. ఆమెకంటే ఎక్కువ తెలుసు. అయినా, మళ్ళీ చెప్పు మంగాయమ్మా అన్నాను. వీర్రాజు లేచే వేళకి ఆమె ఎక్కడా ఆగకుండా, వెతుక్కోకుండా, చేతులు కూడా కదపకుండా చెప్పడం నేర్చుకుంది. నేను ఇంతకాలం ఏ బొమ్మలనైతే తిట్టానో వాటిలో ఒకదాన్ని నా చేతుల్తో తయారు చేశాను. మెట్లెక్కుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ పిల్ల ఊపిరి తీసిన చప్పుడు చెవుల్లో ఉంది. ఇంకోలా చేసే ధైర్యం నాకు లేదు.

నమోదు 7

పునర్విచారణ ఇవాళే. అదే హాలు, అదే ముగ్గురు, అదే వెనక బల్ల.

మంగాయమ్మ అద్భుతంగా చెప్పింది. పేరు, తమ్ముడి పని, లెక్క చూసే వేళ, కోరిక. ఒక్క మాట అటూ ఇటూ పోలేదు. మూడో అతను తల ఊపాడు. నేను కౌండిన్య వైపు చూశాను. అయిపోయింది, ఇక ఆకుపచ్చే అనుకున్నాను.

అతను కలం పక్కన పెట్టాడు. చాలాసేపు ఆమెనే చూశాడు. ఇన్నాళ్ళలో అతను ఒక మనిషిని అంతసేపు చూడ్డం నేనెరగను.

“ఇంత సాఫీగా ఎవరూ చెప్పలేరమ్మా” అన్నాడు. “నా సొంత సంగతి నేనే చెప్పలేకపోయాను. ఇది మీకెవరు నేర్పారు?”

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియదు. నా పాఠం తలకెక్కింది! నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పినదంతా ఒక్కసారిగా, సరిగ్గా రాకూడని రోజున తలకెక్కింది. నియమావళి ప్రకారం చెప్పే తీరు నేర్పొచ్చు గానీ, నేర్పిన మాట సాక్ష్యం కాదు. బయటివాళ్ళు నేర్పారని తేలితే ఆ కథనం మొత్తం పక్కన పెట్టాలి. అది కౌండిన్యకి కంఠతా వచ్చు, నాకూ వచ్చు. మంగాయమ్మ మొదటిసారి తనలా మాట్లాడి ఓడిపోయింది, రెండోసారి నాలా మాట్లాడి ఓడిపోతోంది.

మంగాయమ్మ నా వైపు చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించిందో నాకు కనిపించింది. అబద్ధం చెప్పడానికి కూడా సిద్ధపడింది, పెదవి తడుపుకుంది. అది నేను చూడలేకపోయాను. లేచి నిలబడి, “నేనే నేర్పాను” అన్నాను.

 మూడో అతను తల ఎటు ఊపాలో తెలియక కౌండిన్య వైపు చూశాడు. కౌండిన్య మొహం తెల్లబోయింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె వైపు తిరిగి, “అయితే ఇవాళ చెప్పిందంతా తీసేశాను. మొదటిసారి వచ్చినప్పుడు చెప్పినట్టే చెప్పండమ్మా. ఈసారి ఆపను” అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. పేరు చెప్పింది. తమ్ముడు రాత్రి పని అంది, ఆగింది. మళ్ళీ పేరు దగ్గర మొదలుపెట్టింది. వరలక్ష్మిని తిట్టాలని చూసింది. తిట్టు రాలేదు. చేతులు గాల్లోకి లేచి మళ్ళీ పక్కకి పడిపోయాయి. “రావట్లేదండి” అంది చివరికి. “అప్పుడెలా చెప్పేనో గుర్తు రావట్లేదండి.”

ఒక్క మధ్యాహ్నంలో నేను చేసిన పని అది. తల దించుకున్నాను.

అప్పుడు రెహానా అడిగింది, చాలా మామూలుగా, మంచినీళ్ళ సంగతి అడిగినట్టు. “సాక్ష్యం మనం వెతకకూడదని నియమం ఉంది. నడవకూడదని ఉందా?”

కౌండిన్య ఆలోచించాడు. అతని కళ్ళు పేజీలు తిప్పుతున్నట్టు కదిలాయి. లేదన్నాడు. కుర్చీలో నుంచి లేచాడు.

ట్రిబ్యునల్ గౌన్లు వేసుకుని ముగ్గురు మనుషులు నడి అంతస్తు మెట్లు దిగడం నిలువూరు ఇదివరకెప్పుడూ చూసి ఉండదు. జనం పక్కకి తప్పుకుని గోడకి అతుక్కుపోయారు. ముందు మంగాయమ్మ పరుగులాంటి నడక. వెనక నేను, ఎవరూ రమ్మనకపోయినా. మిట్టమధ్యాహ్నం. తలుపు దగ్గర ఆమె ఆగి, చెప్పులు విప్పి, మమ్మల్నీ విప్పమని సైగ చేసింది. ముగ్గురూ విప్పారు.

తలుపు తీసింది. వీర్రాజు మొన్నటిలాగే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, ఒంటి మీద మోటారు నూనె మరకలు. నీరజ గౌన్ల వాళ్ళని చూసి పుస్తకం ఒళ్ళోకి జార్చుకుంది. కౌండిన్య ఒక అడుగు లోపలికి వేశాడు. నియమం ప్రకారం సాక్షిని పేరు అడిగి, గుర్తింపు చూడాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

మంగాయమ్మ చటుక్కున అతని చేయి పట్టుకుంది. ట్రిబ్యునల్ సభ్యుడి చేయి.

“లేపకండి బాబూ” అంది గొంతు తగ్గించి. “రాత్రికి మళ్ళీ మోటార్ల కాడికెళ్ళాలి. ఇప్పుడు లేస్తే ఇక నిద్దర్రాదు వాడికి. పచ్చడి నూరితేనే పక్కింటి దానితో తగువు పడ్డదాన్ని, ఇప్పుడు మీతోనూ పడమంటారేంటి?”

అతను నోరు మూసుకున్నాడు. అలాగే నిలబడ్డాడు. ముగ్గురూ నిలబడ్డారు. పడుకున్న మనిషి వీపు లేచి పడుతుంటే, మూలన ఆ పిల్ల ఊపిరిలో ఈల వినబడుతుంటే, ఎవరూ ఏమీ అడగకుండా ఎంతసేపు విన్నారో నాకు తెలియదు. నా సబ్జెక్టులో నేను ఏ రోజూ ఇంత బాగా పాఠం చెప్పలేదు.

తీర్పు గుమ్మం బయట, మెట్టు మీద కూర్చుని రాశారు. ఇంట్లో ముగ్గురున్నట్టు సభ్యులు స్వయంగా గమనించారు, రద్దు చెల్లదు, ఇల్లు ఉంచాలి. కౌండిన్య చదివి వినిపించాడు. గుసగుసగానే చదివాడు. మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, చప్పుడు కాకుండా.

నమోదు 8

ఇది నా చివరి నమోదు. కొన్ని నెలలు విచారించి, అర్జీదారుకి మాటలు నేర్పినందుకు నన్ను తీసేశారు. ఆ నేరం చేశాను కాబట్టి దాని గురించి గొణగను. చక్రపాణి గారు బాధపడ్డారు కూడా. టీ తెప్పించారు.

నేను గొణిగేది ఇంకోదాని గురించి. తీర్పు తర్వాత నడి అంతస్తులో రాత్రి పని చేసేవాళ్ళ ఇళ్ళన్నీ మళ్ళీ చూడమని కౌండిన్య రాస్తే, అది బ్యాచ్ పరిధిలోకి రాదని తిప్పి పంపారు. లెక్క ఇవాళ రాత్రి కూడా అర్ధరాత్రే తలలు లెక్కపెడుతుంది.

నా మాట అసలు వినలేదని కూడా అనలేను. విన్నారు, అందుకే కొత్త బొమ్మ చేయించారు. సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చిన నన్ను పిలిచి మరీ చూపించారు. అద్దం వెనక నడివయసు ఆడమనిషి. మంగాయమ్మ పోలికే లేదు గానీ గొంతులో ఆ దీర్ఘాలన్నీ తెచ్చారు, మొదటి విచారణ రికార్డు నుంచట. బొమ్మ నమస్కారం పెట్టి, పక్కింటావిడ పచ్చడి నూరడంతో మొదలుపెట్టి, కోడలి దగ్గరికెళ్ళి, పిల్ల దగ్గు దగ్గరికెళ్ళి, చేతులు తిప్పుతూ వెనక్కి వస్తుంది. అసలు సంగతి ప్రతిసారీ అదే చోట చెబుతుంది. కొత్త బ్యాచ్ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, ఆ చోటు రాగానే టక్కున రాసుకుంటున్నారు. అన్నీ ఆకుపచ్చే. మీ పద్ధతేనండీ నాగావళి గారూ అన్నారు చక్రపాణి గారు, నిజంగా గర్వపడుతూ.

 అరవాలని ఉంది. సంచి భుజాన వేసుకున్నాను.

కౌండిన్య ఇప్పుడు పూర్తి సభ్యుడు. కొత్త బ్యాచ్‌కి ఎలా చేయాలో చూపించమని అతన్ని పిలిపించారట. అతను కుర్చీలో కూర్చున్నాడు. బొమ్మ మొదలుపెట్టింది. అందరూ రాసుకునే చోటు వచ్చింది, అతను రాసుకోలేదు. బొమ్మ చివరిదాకా చెప్పి, తనకేం కావాలో అడిగి, చేతులు కట్టుకుంది.

“అమ్మా, మీ ఇల్లెక్కడ?” అన్నాడు కౌండిన్య. “ఒకసారి వచ్చి చూస్తాను.”

ఆకుపచ్చా వెలగలేదు, ఎరుపూ వెలగలేదు. వెనక కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదని చక్రపాణి గారు మెల్లగా చెప్పారు. అతను ఆయన వైపు చూడలేదు, అద్దం వైపే చూస్తూ జవాబు కోసం కూర్చున్నాడు. బొమ్మ కాసేపు నోరు తెరుచుకుని నిలబడి, మళ్ళీ నమస్కారం పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది.